మధ్యయుగ ఆసియా రేవుల్లో మతం, రాజ్యం, వర్తకం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎనిమిదో శతాబ్దం నుంచి పదిహేనో శతాబ్దం దాకా బాగ్దాద్ నుంచి చైనాలోని చ్వాంజౌ వరకు సాగిన సముద్ర వర్తకం గురించి, ఆ దారి పొడవునా ఉన్న రాజ్యాల గురించి, మతాల గురించి పాఠకులు పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. ఈ చరిత్రను మన పాఠ్యపుస్తకాలు ముక్కలుగా చెబుతాయి: బాగ్దాద్ ఖలీఫాలైన అబ్బాసీలు ఒక పాఠం, చైనాను ఏలిన సుంగ్ వంశం మరో పాఠం, చోళులు ఇంకో పాఠం. ఓడ ఎక్కిన వర్తకుడికి ఇవన్నీ ఒకే దారిలోని మజిలీలు. ఆ దారిని నిలబెట్టింది ఇచ్చిన మాట అని నా నమ్మకం. రాజు రాతి మీద చెక్కించిన మాట, వర్తక సంఘం పూచీపడిన మాట, దేవుణ్ణి సాక్షిగా పెట్టి పలికిన మాట. ఆ మాట తప్పిన చోట ఏం జరిగిందో కూడా కింద రాశాను.

వర్తకులు వేల మైళ్ల దూరంలోని పరాయి రేవుల్లో ఎందుకు స్థిరపడ్డారు?

గాలి అలా చేయించింది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి దిక్కు నుంచి, శీతాకాలంలో ఈశాన్య దిక్కు నుంచి గాలులు వీస్తాయి. తెరచాప ఓడ వాటికి ఎదురు పోలేదు. యెమెన్‌లోని ఏడెన్ నుంచి మలబారుకు వచ్చినవాడు గాలి మళ్లేదాకా అక్కడే ఉండాలి. మలక్కా జలసంధి దాటి చైనాకు పోయేవాడు దారిలో మరో రుతువు ఆగాలి. ఇరాక్‌లోని బస్రా నుంచి చైనాలోని కాంటన్ (ఇప్పటి గ్వాంగ్‌జౌ) వెళ్లి రావడమంటే ఏడాదికి మించిన పని.

నెలల తరబడి ఒక రేవులో ఉండే మనిషికి బస, గోదాము కావాలి. తగాదా వస్తే తీర్చే పెద్దమనిషి కావాలి. దేవుడికి మొక్కుకోవడానికి చోటు, పోతే తన ఆచారం ప్రకారం సాగనంపేవాళ్లు కావాలి. కొందరు అక్కడే పెళ్లి చేసుకున్నారు. వాళ్ల పిల్లలు రెండు భాషలు మాట్లాడుతూ పెరిగి మధ్యవర్తులయ్యారు. మలబారులోని మాప్పిళ్లలనే ముస్లింల చరిత్రలో ఇలాంటి పెళ్లిళ్లకు పెద్ద పాత్ర ఉంది.

ఖలీఫా రాజా, మతాధిపతా?

సిద్ధాంతం ప్రకారం ఆయన ప్రవక్త తరువాత ముస్లిం సమాజానికి నాయకుడు. కొత్త మతవిధులు చెప్పే అధికారం ఆయనకు లేదు. ఖురాన్, హదీసుల నుంచి న్యాయాన్ని తీసి చెప్పే పని ఉలేమాలు అనే పండితులది. ఖలీఫా మామూన్ 833లో తన మతసిద్ధాంతాన్ని పండితుల చేత బలవంతంగా ఒప్పించాలని విచారణ మొదలుపెట్టాడు. అహ్మద్ ఇబ్న్ హన్బల్ అనే పండితుడు చెరసాలకు వెళ్లాడు గాని ఒప్పుకోలేదు. కొన్నేళ్లకు తరువాతి ఖలీఫాలే ఆ విచారణను వదిలేశారు. మతవిధి చెప్పే హక్కు పండితుల దగ్గరే ఉండిపోయింది.

వర్తకుడికి దీనివల్ల పెద్ద మేలు జరిగింది. పాలకుడు మారినా, రాజ్యం ముక్కలైనా, కైరోలో రాసుకున్న ఒప్పందాన్ని ఏడెన్ ఖాజీ గుర్తించేవాడు. పదో శతాబ్దానికే బాగ్దాద్ ఖలీఫా నామమాత్రుడయ్యాడు. న్యాయం మాత్రం రాజ్యాల సరిహద్దులు దాటి చెల్లుబాటు అవుతూనే ఉంది.

రోజువారీ పాలన ఎవరు నడిపేవారు?

వజీరు, ఆయన కింద దివానులనే శాఖలు. పన్నులకు ఒకటి, సైన్యానికి ఒకటి, తపాలాకు ఒకటి. తపాలా అధికారులు ఉత్తరాలతో పాటు ఆ ప్రాంతపు ధరలు, అధికారుల నడత గురించి ఖలీఫాకు రహస్యంగా రాసేవారు.

ఖలీఫా హారూన్ అల్ రషీద్ కాలంలో పరిపాలన మొత్తం చేతుల్లో పెట్టుకున్న బర్మకీ కుటుంబం కథ ఇక్కడ చెప్పుకోవాలి. వాళ్ల పూర్వీకులు బల్ఖ్‌లోని నవవిహారమనే బౌద్ధ క్షేత్రానికి పెద్దలు. వాళ్ల వారసులు ఇస్లాం స్వీకరించి, బాగ్దాద్‌లో వజీరులై, భారతీయ వైద్య గ్రంథాలను అరబ్బీలోకి అనువదింపజేశారు. 803లో హారూన్ ఆ కుటుంబాన్ని ఒక్కసారిగా కూలదోశాడు. అప్పటికే వాళ్లు తెచ్చిన పద్ధతులు పాదుకున్నాయి.

సామాన్యుడికి రోజూ కనిపించే అధికారి మాత్రం ముహ్తసిబ్. బజారులో తూకాలు, కొలతలు సరిచూడటం, కల్తీ పట్టడం, దారికి అడ్డంగా పెట్టిన సరుకు తీయించడం ఆయన పని. తూకంలో మోసం పాపమని మతం చెప్పింది, ఆ పాపం జరగకుండా చూసే ఉద్యోగిని రాజ్యం నియమించింది. ఈ కాలంలో మతం, రాజ్యం, వర్తకం ఒకదానిలో ఒకటి ఎలా కలిసిపోయాయో ఈ ఒక్క ఉద్యోగంలో కనిపిస్తుంది.

ముస్లిమేతరుల పరిస్థితి ఏమిటి?

యూదులకు, క్రైస్తవులకు, జొరాస్ట్రియన్లకు (పార్సీల మతస్థులకు) ప్రాణానికి, ఆస్తికి, ఆరాధనకు రక్షణ ఉండేది. బదులుగా జిజియా అనే తలపన్ను కట్టాలి. పెళ్లి, వారసత్వం వంటి విషయాల్లో తమ మతపెద్దల తీర్పే చెల్లేది. అది సమానత్వం కాదు. కోర్టులో సాక్ష్యం దగ్గర, కొత్త ప్రార్థనాలయాల దగ్గర తేడా చూపేవారు. కొందరు పాలకులు బట్టల రంగు మీద కూడా ఆంక్షలు పెట్టారు. 712లో అరబ్బులు సింధును గెలిచాక హిందువులకు, బౌద్ధులకు కూడా ఈ రక్షిత స్థాయి ఇచ్చారు. సమానత్వం అనే భావన ఆ నాటి రాజ్యాల్లో ఎక్కడా లేదని మరిచిపోకూడదు. అలాగని ఆ తేడాల వల్ల బాధపడ్డవాళ్ల బాధను చిన్నది చేయనూ కూడదు.

వడ్డీ నిషేధం ఉన్నప్పుడు వర్తకానికి పెట్టుబడి ఎక్కడి నుంచి వచ్చేది?

ఇది చాలామంది అడిగే ప్రశ్న, జవాబు కూడా అందమైనది. అప్పు స్థానంలో భాగస్వామ్యం వచ్చింది. దీన్ని ముదారబా అనీ, కిరాద్ అనీ అనేవారు.

బస్రాలో ఒకరి దగ్గర వెయ్యి దీనార్లు ఉన్నాయనుకుందాం. ఆయనకు ఓడ ఎక్కే వయసు లేదు. ఓపిక, అనుభవం ఉన్న మరొకరి దగ్గర డబ్బు లేదు. ఇద్దరూ సాక్షుల ముందు పత్రం రాసుకుంటారు. లాభం ఎంత వచ్చినా సగం సగం, లేదా ముందే అనుకున్న మరో వాటా. ఓడ మునిగితే డబ్బు పోయేది పెట్టుబడిదారుడిది. ప్రయాణం చేసినవాడికి శ్రమ వృథా అవుతుంది, అంతే. అతని ఇల్లు జప్తు కాదు, భార్యాబిడ్డలు వీధిన పడరు. లాభం ఇంత మొత్తమని ముందే నిర్ణయించకూడదు, అలా చేస్తే అది వడ్డీయే అవుతుందని పండితులు తేల్చారు. నష్టంలో కూడా డబ్బున్నవాడు పాలు పంచుకోవాలన్న ఈ నియమం వల్లే చేతిలో పైసా లేని యువకులు ఎందరో సముద్ర వర్తకులు కాగలిగారు. ఇటలీ రేవుల్లో తరువాత వ్యాపించిన కొమెండా ఒప్పందం దీనికి చాలా దగ్గరగా ఉంటుంది.

డబ్బు మోసుకుపోయే ప్రమాదం తప్పించడానికి సుఫ్తజా అనే హుండీలు ఉండేవి. ఒక ఊళ్లో సొమ్ము కట్టి కాగితం తీసుకుంటే మరో ఊళ్లో ఆ కాగితం చూపి సొమ్ము తీసుకోవచ్చు. నియమాలకు పక్కదారులు కూడా వెతికారు. ఒకే వస్తువును అరువుకు ఎక్కువ ధరకు అమ్మి, వెంటనే తక్కువ ధరకు నగదు ఇచ్చి తిరిగి కొనడం అందులో ఒకటి. కొందరు న్యాయవేత్తలు దాన్ని ఒప్పుకున్నారు, మరికొందరు గట్టిగా తప్పుపట్టారు.

ఆ ఓడల్లో నిజంగా ఏ సరుకు ఉండేది?

1998లో ఇండొనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర సముద్రం అడుగున ఒక ఓడ దొరికింది. మేకులు లేకుండా, పలకలకు రంధ్రాలు చేసి తాడుతో కుట్టిన ఓడ. పశ్చిమ హిందూ మహాసముద్ర తీరాల్లో కట్టే పద్ధతి అది. అందులో దాదాపు 60,000 చైనా పింగాణీ, మట్టి పాత్రలు ఉన్నాయి. ఎక్కువ భాగం చాంగ్షా బట్టీల్లో కాల్చిన చిన్న గిన్నెలు. విరిగిపోకుండా వాటిని పెద్ద జాడీల్లో ఒకదాని పక్కన ఒకటి చుట్టలుగా పేర్చారు. ఒక గిన్నె మీద 826వ సంవత్సరానికి సరిపోయే చైనా తేదీ ఉంది. కొన్ని గిన్నెల మీద తామరపూలు, కొన్నిటి మీద అరబ్బీ రాతను తలపించే గీతలు. చైనా లోతట్టు ఊళ్లో కూర్చున్న కుమ్మరికి పశ్చిమాసియా ఇంట్లో ఏది నచ్చుతుందో తెలుసు.

ఇది రాజుల విలాస వస్తువుల వర్తకం మాత్రమే అనే అభిప్రాయం ఆ గిన్నెల గుట్టను చూస్తే నిలవదు. బంగారు పాత్రలూ ఆ ఓడలో ఉన్నాయి, కాని కొద్దిగానే. మధ్యతరగతి వంటిళ్లకు వెళ్లే సరుకే రాశిగా ఉంది.

చైనా ప్రభుత్వం విదేశీ వర్తకులను ఎలా చూసింది?

చైనా అధికారులు పరీక్షలు రాసి ఉద్యోగంలోకి వచ్చేవారు. ఆ పరీక్షలకు చదవాల్సింది కన్‌ఫ్యూషియస్ సంప్రదాయ గ్రంథాలు. ఆ సంప్రదాయం వర్తకుడిని పండితుడు, రైతు, చేతిపనివాడి తరువాత నాలుగో మెట్టు మీద పెట్టింది. అయినా సుంగ్ వంశం (960–1279) వర్తకాన్ని ప్రోత్సహించినంతగా అంతకుముందు ఏ చైనా వంశమూ ప్రోత్సహించలేదు. ఉత్తర దిక్కున భూమి పోయింది, సైన్యానికి డబ్బు కావాలి, రేవుల్లో సుంకం వస్తోంది. కాంటన్‌లో 971లో, చ్వాంజౌలో 1087లో సముద్ర వర్తక కార్యాలయాలు తెరిచారు. ఓడ రాగానే అధికారులు సరుకు చూసి కొంత భాగాన్ని సుంకంగా తీసుకునేవారు. కొన్ని వస్తువులను ప్రభుత్వమే కొనేది. మిగతాది వర్తకుడి ఇష్టం.

విదేశీయుల పేటకు వాళ్లలోనే ఒకరు పెద్ద. కాంటన్‌లో ముస్లింల తగాదాలు తీర్చడానికి చైనా పాలకుడే ఒక ముస్లింను నియమించాడని 851 నాటి అరబ్బీ వృత్తాంతం చెబుతోంది. వేరే వేరే దేశాల్లో, వేరే వేరే మతాల మధ్య ఇదే ఏర్పాటు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: మీ తగాదాలు మీరు తీర్చుకోండి, మా సుంకం మాకు కట్టండి, మా జోలికి వస్తే మా చట్టం.

కాగితపు డబ్బు కూడా ఈ కాలంలోనే పుట్టిందా?

అవును. సిచువాన్‌లో ఇనుప నాణేలు మోయలేక వర్తకులు రసీదులు వాడటం మొదలుపెట్టారు. 1020ల్లో ప్రభుత్వం ఆ పనిని తన చేతుల్లోకి తీసుకుంది. తరువాత చైనాను గెలిచిన మంగోలులు దాన్ని అక్కడంతా నడిపారు.

ఇరాన్‌ను ఏలుతున్న మంగోలు ఇల్‌ఖాన్ గైఖాతు ఖజానా ఖాళీ అయినప్పుడు 1294లో తబ్రీజ్‌లో చైనా తరహా నోట్లు అచ్చువేయించాడు. వాటి మీద ఇస్లాం విశ్వాస వచనం కూడా ముద్రించారు. బజారు మూతపడింది, తిండిగింజలు దొరకలేదు, అల్లర్లు రేగాయి. కొద్ది వారాల్లోనే నోట్లు రద్దు చేయక తప్పలేదు. 1330 ప్రాంతంలో ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ రాగి, ఇత్తడి నాణేలను వెండి విలువకు చెల్లమన్నప్పుడు దొంగ నాణేలు వెల్లువెత్తాయి. చివరికి వాటిని ఖజానాలో తీసుకుని మంచి నాణేలు ఇచ్చాడు. నోటు మీద పవిత్ర వచనం అచ్చువేసినంత మాత్రాన జనం నమ్మరు. దాని వెనుక ఖజానా ఉందని వాళ్లకు తెలియాలి.

బౌద్ధానికి వర్తకంతో ఏమి సంబంధం?

సుమత్రాలోని శ్రీవిజయ రాజ్యాన్ని చూస్తే తెలుస్తుంది. మలక్కా జలసంధి మీద పట్టు ఆ రాజ్యానికి ఆయువుపట్టు. చైనా భిక్షువు యిజింగ్ 671లో బయలుదేరి, నలందకు పోయే ముందు అక్కడ ఆగి సంస్కృతం నేర్చుకున్నాడు. భారతదేశానికి వచ్చే భిక్షువులు ముందు ఇక్కడ చదువుకుని వెళ్లడం మంచిదని రాశాడు కూడా. ఆయన చైనా నుంచి బయలుదేరింది వర్తకుల ఓడలోనే.

శ్రీవిజయ రాజులు తమ పలుకుబడిని విహారాల ద్వారా పెంచుకున్నారు. తొమ్మిదో శతాబ్దంలో బాలపుత్రదేవుడు నలందలో విహారం కట్టించాడు. దాని పోషణకు బెంగాల్ పాల వంశపు రాజు దేవపాలుడు గ్రామాలు ఇచ్చాడు. 1006 ప్రాంతంలో నాగపట్నంలో చూడామణి విహారం లేచింది. శైవుడైన రాజరాజ చోళుడు దానికి ఆనైమంగలం గ్రామపు ఆదాయాన్ని రాసిచ్చాడు. ఆ స్నేహం ఎంతో కాలం నిలవలేదు. 1025లో రాజరాజు కొడుకు రాజేంద్రుడు సముద్రం దాటి శ్రీవిజయ రేవుల మీద దండెత్తి మలయా ద్వీపకల్పంలోని కడారాన్ని కొల్లగొట్టాడు. చైనా దారిలో సుంకాల మీద పోటీయే దీనికి కారణమని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. విహారం మాత్రం ఆ తరువాత కూడా నడిచింది.

హిందువులకు సముద్రయానం నిషిద్ధం కదా?

ధర్మశాస్త్రాల్లో ఆ మాట ఉంది. ముఖ్యంగా బ్రాహ్మణుల విషయంలో బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పాపాల్లో చేర్చింది. శాస్త్రంలో ఉన్నదంతా తీరంలో జరిగిందనుకుంటే పొరపాటు. అయ్యావోళె ఐదువందల స్వాములనే వర్తక సంఘం వాళ్లు సుమత్రాలోని బారస్‌లో 1088లో తమిళ శాసనం వేయించారు. బారస్ కర్పూరానికి పేరుపొందిన రేవు. బర్మాలోని పగాన్‌లో నానాదేశి వర్తకుల పేరుతో విష్ణ్వాలయం ఉండేది. పదమూడో శతాబ్దంలో మలబారు నుంచి వచ్చిన ఒక భక్తుడు దానికి మండపం కట్టించాడు. చ్వాంజౌలో శకం 1203, అంటే 1281లో వేసిన తమిళ శాసనం శివాలయం గురించి చెబుతుంది. ఆ ఊళ్లో దొరికిన శిల్పాల్లో శివలింగాన్ని పూజించే ఏనుగు కూడా ఉంది.

ఈ సంఘాలకు సొంత కట్టుబాట్లు, సొంత సైనికులు ఉండేవారు. ఏ రాజు గెలిచినా ఓడినా వాళ్ల దారి వాళ్లది.

పరమతస్థులకు రాజులు ఎందుకు చోటిచ్చారు? ఆధారాలు ఉన్నాయా?

ఉన్నాయి. ఈ జవాబు కొంచెం ఓపికగా చదవండి, మిగతావాటి కంటే నాకు ఇదే ముఖ్యం.

మొదటిది కొల్లం రాగి రేకులు. క్రీ.శ. 849లో దక్షిణ కేరళలోని వేణాడు పాలకుడు అయ్యన్ అడిగళ్, కొల్లంలో మార్ సాపిర్ ఈశో కట్టించిన చర్చికి హక్కులు రాసిచ్చాడు. కొన్ని పన్నుల మినహాయింపు ఇచ్చాడు, కొన్ని కుటుంబాల సేవలు అప్పగించాడు, తూకాలు కొలతల బాధ్యత కూడా అప్పగించాడు. అంజువణ్ణం, మణిగ్రామం అనే రెండు వర్తక సంఘాలు దీనికి కాపలా. చివర సాక్షుల సంతకాలున్నాయి. కొందరు అరబ్బీ లిపిలో చేశారు, కొందరు పాత పర్షియన్ లిపి అయిన పహ్లవీలో, కొందరు హీబ్రూ అక్షరాల పర్షియన్‌లో. అంటే ఒక హిందూ పాలకుడు క్రైస్తవ చర్చికి ఇచ్చిన దానానికి ముస్లింలు, జొరాస్ట్రియన్లు, యూదులు సాక్షులయ్యారు. సాక్షి అంటే రేపు వివాదం వస్తే వచ్చి నిలబడేవాడు. ఇంతకంటే గట్టి పూచీకత్తు ఆనాడు మరొకటి లేదు.

రెండోది సోమనాథ్. గజనీ మహమ్మద్ 1026లో ఆ ఆలయాన్ని కొల్లగొట్టిన సంగతి అందరికీ తెలుసు. 1264లో అదే ఊళ్లో జరిగింది చాలా తక్కువమందికి తెలుసు. గల్ఫ్ ముఖద్వారంలోని హోర్ముజ్ రేవు నుంచి వచ్చిన ఓడ యజమాని నూరుద్దీన్ ఫిరూజ్ అక్కడ మసీదు కట్టడానికి భూమి కొన్నాడు. అమ్మింది స్థానిక ప్రముఖుడు. అనుమతి ఇచ్చిన పంచకులమనే స్థానిక పాలక మండలికి పెద్ద పాశుపత శైవాచార్యుడు. సంస్కృత శాసనం విశ్వనాథుడికి నమస్కారంతో మొదలవుతుంది. ఆ దేవుణ్ణి వర్ణించిన మాటలు శివుడికీ సరిపోతాయి, అల్లాకూ సరిపోతాయి. తేదీని నాలుగు శకాల్లో వేశారు: హిజ్రీ 662, విక్రమ 1320, వలభి 945, సింహ 151. మసీదు దీపాలకు నూనె, ఇమాముకు జీతం కోసం దుకాణాలు, నూనె గానుగ ఆదాయం రాశారు. మిగిలిన డబ్బు మక్కా, మదీనాలకు పంపాలన్నారు.

అరబ్బీ పాఠం కూడా ఉంది. అందులో ఆ ఊరు ఇస్లాం నగరం కావాలన్న ఆకాంక్ష కనిపిస్తుంది. సంస్కృత పాఠంలో ఆ మాట లేదు. నిజాయితీగా చదివేవారు రెంటినీ కలిపి చదవాలి. ఒకరి మతాన్ని మరొకరు తమ మనసులో సమానంగా ఒప్పుకున్నారని ఈ రాయి చెప్పదు. ఒప్పుకోకపోయినా ఒకే ఊళ్లో భూమి అమ్ముకుని, కొనుక్కుని, సాక్ష్యం పెట్టుకుని బతికారని చెబుతుంది. నా దృష్టిలో ఇదే ఎక్కువ విలువైన సమాచారం.

మన తెలుగు తీరం ఈ దారిలో ఉందా?

ఉంది. బాపట్ల జిల్లాలోని మోటుపల్లి. కాకతీయ గణపతిదేవుడు 1244లో ఇక్కడ అభయశాసనం వేయించాడు. తుఫానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అది రాజుదే అన్నది అప్పటిదాకా చాలా తీరాల్లో ఉన్న ఆచారం. ఏనుగులు, గుర్రాలు, బంగారం, రత్నాలు ఏవి తేలినా పూర్వ రాజులు లాక్కునేవారని శాసనమే చెబుతుంది. ప్రాణాలకు తెగించి సముద్రం మీద తిరిగేవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ఆ సుంకం ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, ఏనుగు దంతాలు, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, వక్కలకు రేట్లు విడివిడిగా చెక్కించారు. చదువుకున్న ఏ వర్తకుడైనా వచ్చి తాను ఎంత కట్టాలో తానే లెక్క వేసుకోవచ్చు. అధికారి ఇష్టానుసారం అడగడానికి వీల్లేదు.

ఆ శతాబ్దం చివర్లో మార్కో పోలో ఈ తీరాన్ని ముత్ఫిలి పేరుతో వర్ణించాడు. పాలిస్తున్న రాణి న్యాయాన్ని మెచ్చుకున్నాడు. ఆమెను రాజుగారి వితంతువుగా రాశాడు గాని రుద్రమదేవి గణపతిదేవుడి కుమార్తె. ఇక్కడి వజ్రాలను, సాలెగూడు లాంటి సన్నని నూలుబట్టను తెగ పొగిడాడు. 1358లో రెడ్డి రాజు అనపోతారెడ్డి మోటుపల్లిలో మరో శాసనం వేయించి వర్తకులకు మళ్లీ భరోసా ఇచ్చాడు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి ఈ వర్తకంలో వెలిగినవాడే. ఆయన కుటుంబం తెప్పించిన సరుకుల్లో హోర్ముజ్ గుర్రాలు, సింహళపు ఏనుగులు, చైనా పట్టు ఉన్నాయని ఆ కావ్యంలోనే ఉంది.

సామాన్య వర్తకుల మాటలు ఎక్కడైనా మిగిలాయా?

పాత కైరో యూదుల ప్రార్థనాలయంలో మిగిలాయి. దేవుడి పేరు రాసిన కాగితాన్ని పారేయకూడదన్న విశ్వాసంతో అక్కడివారు పాత కాగితాలన్నీ ఒక గదిలో వేస్తూ వచ్చారు. పెళ్లి పత్రాలు, అప్పుల చీటీలు, ఉత్తరాలు అన్నీ కలిపి లక్షల ముక్కలు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అవి పండితుల చేతికి వచ్చాయి.

వాటిలో అబ్రహాం బెన్ యిజూ అనే ట్యునీషియా యూదుడి ఉత్తరాలున్నాయి. 1130ల నుంచి దాదాపు పదిహేడేళ్లు ఆయన మంగళూరు ప్రాంతంలో ఉన్నాడు. కంచు పాత్రల కార్ఖానా నడిపాడు. ఏడెన్ నుంచి స్నేహితులు పగిలిన పాత పాత్రలు పంపి, వాటిని కరిగించి ఫలానా కొలతల్లో కొత్తవి చేయించమని రాసేవారు. వెంట కాగితం, ఎండుద్రాక్ష, చక్కెర పంపేవారు. ఆయన ఇటు నుంచి మిరియాలు, యాలకులు, ఇనుము, వక్కలు పంపేవాడు. ఆషు అనే బానిస యువతికి 1132లో ఆయన రాసిన విముక్తి పత్రం కూడా దొరికింది. ఆమెనే పెళ్లి చేసుకున్నాడని చరిత్రకారులు భావిస్తారు. బొమ్మ అనే స్థానికుడు ఆయన తరఫున ఏడెన్ దాకా వెళ్లి లావాదేవీలు చూసేవాడు. ఏడెన్ వర్తకులు తమ ఉత్తరాల్లో బొమ్మకు కూడా గౌరవంగా నమస్కారాలు పంపారు.

అంటే అందరూ సఖ్యంగానే ఉన్నారా?

లేరు. 870ల చివర్లో హువాంగ్ చావో తిరుగుబాటుదారులు కాంటన్‌ను పట్టుకుని ముస్లిం, యూదు, క్రైస్తవ, జొరాస్ట్రియన్ వర్తకులను వేల సంఖ్యలో చంపారు. చ్వాంజౌలో పు షౌగెంగ్ అనే ముస్లిం వంశీయుడు సుంగ్ కొలువులో సముద్ర వర్తకాధికారిగా ఉండి, 1276లో మంగోలుల వైపు తిరిగాడు. మంగోలు పాలనలో విదేశీయులకు దక్కిన పెద్దపీట స్థానికుల్లో కోపం పెంచింది. 1357లో అక్కడి పర్షియన్ దళాలు తిరగబడ్డాయి. తరువాతి పదేళ్ల పోరులో రేవు నాశనమైంది, విదేశీయుల మీద ఊచకోత జరిగింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ ఓడల్లో మనుషులు కూడా సరుకుగా ప్రయాణించారు. తూర్పు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చేత దక్షిణ ఇరాక్‌లో ఉప్పు పేరుకున్న పొరను తవ్వించేవారు. 869లో వాళ్లు తిరగబడ్డారు. బస్రాను కొల్లగొట్టి, 883 దాకా ఖలీఫా సైన్యాలతో పోరాడారు. బాగ్దాద్ వైభవం గురించి రాసేటప్పుడు ఈ పద్నాలుగేళ్లను వదిలేయడం అన్యాయం.

మంగోలులు వర్తకాన్ని నాశనం చేశారా, పెంచారా?

రెండూ. 1258లో బాగ్దాద్‌ను ధ్వంసం చేసి ఖలీఫాను చంపారు. గల్ఫ్ దారి బలహీనపడి, ఎర్రసముద్రం మీదుగా ఈజిప్టు వైపు వర్తకం ఇంకా మళ్లింది. అక్కడ కారిమీ అనే వర్తక బృందం వాళ్లు మిరియాలతో గొప్ప ధనవంతులయ్యారు. మరోవైపు భూమార్గంలో అంచె గుర్రాల ఠాణాలు, ప్రయాణ అనుమతి ఫలకాలు పెట్టి దారులను కాపాడింది కూడా మంగోలులే. మతం విషయంలో వాళ్లు చాలాకాలం అందరి ప్రార్థనలూ కోరుకున్నారు, పలు మతాల పూజారులకు పన్ను మినహాయించారు. ఇరాన్ ఇల్‌ఖాన్ గాజాన్ 1295లో ఇస్లాం స్వీకరించాడు.

ఈ పద్ధతి చివరికి ఏమైంది?

పదిహేనో శతాబ్దంలో అది ఇంకా బలంగానే ఉంది. చైనా నౌకాధిపతి జెంగ్ హె, యునాన్ ముస్లిం కుటుంబంలో పుట్టినవాడు, 1405 నుంచి 1433 వరకు ఏడు యాత్రలు నడిపాడు. ఆయన శ్రీలంకలోని గాలెలో నిలిపిన 1409 నాటి శిల మీద మూడు భాషలున్నాయి. చైనా పాఠం బుద్ధుడికి, తమిళ పాఠం తెనావరై నాయనార్ అనే విష్ణువుకు, పర్షియన్ పాఠం అల్లాకు కానుకలు సమర్పిస్తుంది. వెయ్యి బంగారం, ఐదు వేల వెండి, పట్టు, నూనె, దీపాలు అంటూ జాబితాలు దాదాపు ఒకేలా ఉంటాయి. అదే జెంగ్ హె శ్రీలంక రాజుతో యుద్ధం చేసి బందీగా పట్టుకుపోయాడన్నది కూడా చరిత్రే.

మలక్కాలో షాబందర్లనే రేవు అధికారులు నలుగురు ఉండేవారు. గుజరాతీలకు ఒకరు, దక్షిణ భారతం, బెంగాల్, బర్మా వైపు వాళ్లకు ఒకరు, జావా, మసాలా దీవుల వాళ్లకు ఒకరు, చైనా వైపు వాళ్లకు ఒకరు. ఓడ దిగగానే తన భాష తెలిసిన అధికారి ఎదురొచ్చి గోదాము చూపిస్తాడు.

1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాడు. తరువాతి పదిహేనేళ్లలో పోర్చుగీసులు గోవా, మలక్కా పట్టుకున్నారు. తమ దగ్గర డబ్బు కట్టి కార్తాజ్ అనే అనుమతి పత్రం తీసుకోని ఓడను నడిసముద్రంలో పట్టుకుని సరుకు జప్తు చేయడం మొదలుపెట్టారు. అంతకుముందు సముద్ర దొంగలు ఉన్నారు, రేవుల కోసం యుద్ధాలు చేసిన రాజులూ ఉన్నారు. కాని హిందూ మహాసముద్రం మొత్తం నాదేనని, దాని మీద తిరగాలంటే నా కాగితం కావాలని అన్న రాజు లేడు.

ఈ ఆధారాలను ఇప్పుడు ఎక్కడ చూడవచ్చు?

మోటుపల్లి శాసనం ఆ ఊరి వీరభద్రస్వామి ఆలయంలో ఉంది. చీరాల నుంచి సులభంగా వెళ్లవచ్చు. గాలె శిల కొలంబో జాతీయ మ్యూజియంలో, బెలితుంగ్ ఓడ పాత్రలు సింగపూర్‌లోని ఆసియా నాగరికతల మ్యూజియంలో ఉన్నాయి. చ్వాంజౌలో సముద్ర వర్తక మ్యూజియం ఉంది, శివాలయపు శిల్పాలు, అరబ్బీ సమాధి రాళ్లు అక్కడే చూడవచ్చు. కైరో కాగితాల్లో అత్యధిక భాగం కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. వాటిలో చాలావాటి చిత్రాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. సింగపూర్‌లో ఉంటున్న తెలుగువారు పిల్లలను తీసుకుని ముందు ఆ గిన్నెల గదికి వెళ్లండి.